మార్చడం మరిచిపోయిన చోటు

ఆ కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. జీతమిచ్చే యజమాని దగ్గర్నుంచి మెట్లు ఊడ్చే ఆమె దాకా అందరికీ ఆవిడ ముక్కల మేడమే. ఆ పేరు పెట్టిన పిల్లలు ఎప్పుడో చదువు ముగించుకుని తలో దిక్కుకీ పోయారు గానీ పేరు మాత్రం ఆవిడని వదల్లేదు. అందులో వాళ్ళ తప్పేం లేదు లెండి. ఎవరు ఏ ప్రోగ్రాం రాసి చూపించినా ఆవిడ నోటి వెంట మొదట వచ్చే మాట ఒకటే: "ముక్కలు చెయ్యి."

సి భాష కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఏం చేస్తారంటే, ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ అనే ఒక్క గదిలోనే వంటా, పడకా, స్నానమూ అన్నీ పెట్టేస్తారు. అంకెలు అడగడం, లెక్క కట్టడం, గీత గీయడం, జవాబు చూపించడం, అన్నీ అక్కడే ఒకదాని మీద ఒకటి. పైగా ఒకసారి పనిచేసిన నాలుగు లైన్లని ఎత్తుకెళ్ళి కావలసిన చోటల్లా అతికిస్తారు. అది చూస్తే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

"ఏమయ్యా, ఈ చుక్కల గీత గీసే లైన్లు ఎన్ని చోట్ల అతికించావు?" అని ఒకడిని నిలదీసింది ఆ రోజు.

"గీత ఎక్కడ కావాలో అక్కడల్లా మేడం."

"రేపు చుక్కలొద్దు, అడ్డగీతలు కావాలంటారు. అప్పుడో?"

"అన్ని చోట్లా మార్చేస్తా మేడం. అదెంత పని?"

"ఒక చోట మర్చిపోతావు."

"మర్చిపోను మేడం, ఒట్టు."

"అందరూ ఇలాగే ఒట్టేస్తారు నాయనా. మర్చిపోయిన ఆ ఒక్క చోటే రేపు నీ కొంప ముంచుతుంది. గీత గీయడానికి ఒక ఫంక్షన్ రాసుకో. దానికో పేరు, దానికి ఒకటే పని. కావలసినప్పుడల్లా పేరు పెట్టి పిలువు. వస్తుంది, గీస్తుంది, పోతుంది. మార్పులేమైనా ఉంటే ఆ ఒక్క చోట చేసుకుంటే చాలు. మెయిన్ చదువుతుంటే పని వరసగా కళ్ళకి కట్టాలి గానీ, పాత సామాన్ల గదిలో సూది వెతికినట్టు ఉండకూడదు."

వెనక బెంచీలో ఎవరో "ముక్కలు, ముక్కలు" అని సన్నగా రాగం తీశారు. క్లాసంతా గొల్లుమంది. ఇదివరకైతే ఆవిడ కూడా నవ్వేసేది. ఆ మధ్య నవ్వడం మానేసింది.

ఇంతమందికి ఇంత గొంతు చించుకుని చెప్పే మనిషి, ఇంట్లో సొంత తమ్ముడి చేత మాత్రం ఒక్క ఫంక్షన్ రాయించలేకపోయింది. చోద్యం కాకపోతే ఏమిటి చెప్పండి!

తమ్ముడు కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఇంట్లో వాణ్ణి చిన్నోడు అనేవారు. చేతిలో పనితనం ఉంది, ఓపిక లేదు. సి భాష అక్క దగ్గరే నేర్చుకున్నాడు, అక్క మాట మాత్రం చెవిన పెట్టలేదు. వాళ్ళ తల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయిన మనిషి. ఉద్యోగమంతా చెవులతోనే చేసింది కాబట్టి, ఒక్కసారి విన్న గొంతుని ఎన్నేళ్ళయినా గుర్తుపట్టేది. తర్వాత జబ్బు చేసి కళ్ళు పోయాయి. వెలుగూ చీకటీ మాత్రం తెలిసేవి. అదీ చాలదన్నట్టు గుండె జబ్బు. గుండె వేగం తగ్గించే మాత్ర రోజూ మూడు పూటలా వేసుకోవాలి. ఏ పూట వేసుకుందో, ఏ పూట మరిచిందో ఆమెకే తెలిసేది కాదు. అక్క క్లాసుల్లో, తమ్ముడు దుకాణంలో. ఇంట్లో కనిపెట్టి ఉండేవాళ్ళు ఎవరు?

అందుకని చిన్నోడు ఒక ప్రోగ్రాం రాశాడు. వాడి గదిలో ఒక పాత కంప్యూటరు ఎప్పుడూ నడుస్తూ ఉండేది. వేళ కాగానే వాడి గొంతే స్పీకర్లోంచి పలికేది. "అమ్మా! రెండు వేసుకో. నీళ్ళు నిండుగా తాగు. గబుక్కున లేవకు." తల్లి ఆ మాటకి "సరేరా" అని జవాబిచ్చి మరీ వేసుకునేది. కరెంటు పోయి వస్తే కంప్యూటరు తనంతట తనే లేచేలా కూడా పెట్టాడు. ఆ మధ్యలో మాత్ర తప్పిపోయిందేమోనని, లేవగానే ఒకసారి చెప్పేలా రాశాడు.

అక్క ఒకసారి ఆ ప్రోగ్రాం చూసి తల పట్టుకుంది. ఎంత కిందికి జరిపినా మెయిన్ అయిపోదే! మాత్ర సంగతి చెప్పే లైన్లే పొద్దుటికి ఒకసారి, మధ్యాహ్నానికి ఒకసారి, రాత్రికి ఒకసారి, ఆలస్యమైతే ఇంకోసారి, ఎక్కడ పడితే అక్కడ అతికించి ఉన్నాయి.

"ఇదేం రాతరా, గడ్డివాములాగా? ఒక్క ఫంక్షన్ రాయి, చాలు."

"పనిచేస్తోందిగా అక్కా! పనిచేసేదాన్ని కెలకకు. నీ ముక్కలేవో నీ పిల్లలకి చెప్పుకో," అని నవ్వేశాడు వాడు. ఆవిడ కూడా సరే లెమ్మని ఊరుకుంది.

తర్వాత వాడికి గొంతులో జబ్బు వచ్చింది. మొదట బొంగురు, తర్వాత గుసగుస. అదే రోజుల్లో డాక్టరు తల్లిని పరీక్ష చేసి, రెండు మాత్రలు ఎక్కువైపోతున్నాయి, ఇకమీదట పూటకి ఒకటే అన్నాడు. చిన్నోడు మంచం మీంచి లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళి, ఉన్న కాస్త గొంతుతోనే కొత్తగా చెప్పి రికార్డు చేశాడు. "అమ్మా, ఒకటే వేసుకో." ప్రోగ్రాంలో పాతది ఉన్న చోటల్లా కొత్తది పెట్టి, అక్కతో "అయిపోయిందే, అన్నీ మార్చేశా," అన్నాడు. వాడు చేసిన ఆఖరి పని అదే. వానలు మొదలయ్యే నాటికి వాడు లేడు.

మనిషి పోయాడు, గుసగుస మిగిలింది. ఖాళీ గదిలో వేళకి స్పీకరు ముందు బుస్సుమనేది, ఆ వెనక ఊపిరి అందని ఆ మాట. మొదటి రోజుల్లో ఆవిడ ఆ వేళకి వంటింట్లో కుళాయి విప్పేసుకుని నిలబడేది, వినబడకుండా. తల్లి మాత్రం "సరే" అనేది. "సరేరా" అనేది కాదు.

ఆ తేడా ఆవిడ గమనించింది గానీ, దుఃఖంలో ఉన్న మనిషి ఎలా పలికితే ఏం అనుకుంది.

కొన్నాళ్ళకి తల్లి పడిపోవడం మొదలైంది. ఆవిడ క్లాసులనుంచి వచ్చేసరికి తల్లి చిన్నోడి గదిలో, కంప్యూటరు బల్ల పక్కన నేల మీద ఉండేది. ఒళ్ళు చల్లబడి, చెమటలు పట్టి, నాడి అందీ అందకుండా. ఒకసారి ముఖం మీద నీళ్ళు చల్లి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు చిరాకు పడ్డాడు.

"మాత్రలు ఎక్కువ పడుతున్నాయమ్మా. ఇంకోసారి ఇలా అయితే నేను హామీ ఇవ్వలేను."

"లేదండీ, ఒకటే వేసుకుంటోంది. నేను చెవులారా వింటున్నాను," అని ఆవిడ వాదించింది.

ఇంటికొచ్చి తల్లిని అడిగితే ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. వింతేమిటంటే, అలా స్పృహ తప్పి లేచిన ప్రతిసారీ ఆమె మొహంలో ఏదో కళ ఉండేది. పెళ్ళికెళ్ళి వచ్చిన మనిషిలా ఉండేది. కూతురికి అది చూస్తే భయం వేసేది.

ఆ ఇంటి కింది వాటాలో ఒక టైలరు ఉండేవాడు. మెట్ల కిందే అతని మిషను. ఒక సాయంత్రం ఆవిడ మెట్లెక్కబోతుంటే తలెత్తి, చెప్పనా వద్దా అన్నట్టు నీళ్ళు నమిలాడు.

"మేడంగారూ, మీరేమీ అనుకోకండి. మధ్యాహ్నం మీ తమ్ముడి గొంతు వినిపించిందండీ."

"కంప్యూటరు లెండి. రోజూ వచ్చేదేగా."

"ఆ గుసగుస కాదండీ, అది నా దాకా ఎందుకొస్తుంది? జబ్బు చెయ్యకముందు గొంతు. ఖంగుమని పిలిచాడండీ, అమ్మా అని. నా చేతిలో కత్తెర జారిపోయింది."

"మీరేదో భ్రమపడి ఉంటారు," అని ఆవిడ పైకెక్కి, చెప్పులు విప్పకుండానే లోపలికెళ్ళింది. లోపల తల్లి మంచం మీద కూర్చుని ఉంది. నిద్రపోయి లేచినదానిలా తృప్తిగా ఉంది.

భ్రమ కాదని సెలవు రోజున తెలిసింది. పగలంతా ముసురు. భోజనాలై, మాత్ర కూడా వేసుకుని, తల్లి వరండాలోకి వెళ్తానంటే సరేనంది ఆవిడ. వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. చిన్నోడి గదిలో కంప్యూటరు గుర్రుమని లేవడం వినిపించింది. ఆ పాతది పూర్తిగా లేవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత స్పీకరు బుస్సుమంది.

"అమ్మా! రెండు వేసుకో. నీళ్ళు నిండుగా తాగు. గబుక్కున లేవకు."

నిండు గొంతు. పోయినవాడి గొంతు, పోకముందు గొంతు. దాని వెనక, దూరంగా, ఇంకో గొంతు కూడా: "ఒరేయ్ చిన్నోడా, అన్నం చల్లారిపోతోంది, వస్తావా రావా?"

ఆ రెండో గొంతు తనది. వంటింట్లో గిన్నె పట్టుకుని నిలబడి ఉన్న ఆవిడకి, పక్క గదిలోంచి తన కేకే వినిపించింది. ఆ గదిలో తమ్ముడు ఆకలితో కూర్చుని ఉన్నట్టూ, ఇక్కడ నిలబడ్డ తానే ఎప్పుడో పోయినట్టూ అనిపించిందట ఆ క్షణాన. వాడు రికార్డు చేసుకుంటున్న రోజున తను అన్నానికి పిలిచిన పిలుపు అందులో పడిపోయిందనీ, ఇన్నాళ్ళూ తను దాన్ని పట్టించుకోలేదనీ తెలుసుకోవడానికి కాస్త వ్యవధి పట్టింది.

పరుగెత్తుకెళ్ళి చూస్తే, తల్లి కంప్యూటరు ముందు నిలబడి ఉంది. "సరేరా నాన్నా" అంటోంది. అరచేతిలో రెండు మాత్రలు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని గుప్పిట విప్పి లాక్కునేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

ఆ పూట ఆవిడ కంప్యూటరు ముందున్న కుర్చీలో కూర్చుంది. తమ్ముడు పోయాక అందులో కూర్చోవడం అదే మొదలు. ఆ గడ్డివామంతా ఒక్కో లైనూ చదివింది. పొద్దుటిది మార్చాడు. మధ్యాహ్నానిది, రాత్రిది, ఆలస్యమైతే చెప్పేది, అన్నీ మార్చాడు. కంప్యూటరు లేవగానే చెప్పే లైన్లు మాత్రం ఎక్కడో అడుగున పడి ఉన్నాయి. జబ్బుతో గోడ పట్టుకుని నడిచొచ్చినవాడు అంత కిందికి జరపలేకపోయి ఉంటాడు. అక్కడ పాత మాటే ఉంది. పాత మోతాదే ఉంది.

"ఒక్క చోట మర్చిపోతావురా, చెప్పానా లేదా?" అని ఆవిడ స్క్రీను వంక చూస్తూ పైకే అనేసింది. అని, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నవ్వేసి ఊరుకోకుండా తనే కూర్చుని ఒక్క ఫంక్షన్ రాసి పెట్టి ఉంటే సరిపోయేది కదా అని ఏడ్చింది.

ఏడుపయ్యాక పనిలో పడింది. మాత్ర చెప్పడానికి ఒక ఫంక్షన్. వేళ అయిందో లేదో చూడటానికి ఒకటి. ఈ పూట చెప్పేశామో లేదో గుర్తుపెట్టుకోవడానికి ఇంకొకటి. కరెంటు పోయి వచ్చినా, ఆ పూటది చెప్పేసి ఉంటే నోరు మూసుకుని ఉంటుంది. ఎక్కడినుంచి పిలిచినా మాత్ర ఫంక్షన్ ఒకటే మాట చెబుతుంది, గుసగుసగా. చివరికి మెయిన్ అంతా ఒక్క చూపులో చదివేయొచ్చు. అంత శుభ్రమైన ప్రోగ్రాం ఆ కంప్యూటరు ఎన్నడూ చూసి ఉండదు. బతుకులో మొదటిసారి, శుభ్రంగా ఉన్న ప్రోగ్రాం చూడలేక ఆవిడ స్క్రీను ఆర్పేసింది.

పడిపోవడాలు ఆగిపోయాయి. మాటలు కూడా ఆగిపోయాయి. తల్లి అన్నం కెలికి వదిలేసేది. పిలిస్తే పలికేది కాదు. రోజంతా ఆ గదిలో, స్పీకరుకి చెవి ఆనించి కూర్చునేది. ఒక రోజు కూతురి అడుగు వినబడగానే తలతిప్పకుండా అడిగింది.

"వాణ్ణి ఎక్కడ పెట్టావే?"

"ఎవరినమ్మా?"

"నాకు తెలీదనుకోకు. జీవితమంతా గొంతులు విన్నదాన్ని. ఈ గుసగుస వాడిది కాదు, వాడి రోగానిది. దాన్ని ఇంట్లో ఉంచి వాణ్ణి తరిమేశావు."

ఆవిడ తల్లి కెలికి వదిలేసిన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు టైలరు మళ్ళీ ఆపాడు. ఈసారి నీళ్ళు నమల్లేదు.

"మేడంగారూ, మీ కరెంటులో ఏదో గొడవున్నట్టుంది. పెద్దమ్మగారు పాపం ఊరికే కిందికి దిగుతున్నారండీ. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ. ఈ బోర్డు దగ్గరికొచ్చి మీ వాటా మెయిన్ స్విచ్ దించుతారు. కాసేపుండి పైకి ఎత్తుతారు. ఎత్తాక తల పైకెత్తి మెట్ల వంక చూస్తూ నిలబడతారు, ఎవరో దిగొస్తారన్నట్టు. నేను సాయం చేస్తానంటే వద్దంటారు."

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్ళ బట్టేనండీ. ఇదివరకు ఎప్పుడో ఒకసారి దిగేవారు. ఇప్పుడు పొద్దస్తమానం ఇదే పని."

అంటే పడిపోయిన రోజుల్లో కరెంటు దానంతట అది పోలేదన్నమాట. మెట్ల మీద నిలబడి ఉండగానే ఆవిడకి అంతా అర్థమైపోయింది. చూపు లేని మనిషి, గుండె జబ్బు మనిషి, అన్ని మెట్లు దిగొచ్చి, కొడుకుని లేపుకుని, మళ్ళీ అన్ని మెట్లూ ఎక్కి, వాడు చెప్పిన మాత్రలు వేసుకునేది.

పైకెళ్ళి తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అమ్మా, డాక్టరు ఒకటే అన్నది నీకు తెలుసు. తెలిసీ వేసుకున్నావా?"

తల్లి కొంగు అంచు వేళ్ళతో తడుముకుంది.

"వాడు అంత కంఠం పెట్టి పిలిచి చెబుతుంటే వద్దని ఎలా అంటానే? మాట వినకపోతే మళ్ళీ పిలవడేమో అని భయం. రోజూ వేసుకోలేదు కదా. ఉండబట్టలేని రోజున వేసుకున్నాను." కాస్త ఆగి, గొంతు తగ్గించి అంది: "పడిపోతానే, అప్పుడు బాగుంటుంది. ఎవరో భుజం కింద చెయ్యేసి మెల్లగా దించుతారు. చల్లటి చెయ్యి."

"మరి నేనో?" ఆవిడ తల్లి మోకాళ్ళు పట్టుకుంది. "వాడు పోయాడు. నువ్వూ పోతే ఈ ఇంట్లో నేనెవరినమ్మా పిలుచుకోను?"

తల్లి చెయ్యి చాచి కూతురి తల వెతుక్కుంది. "పిచ్చిదానా," అంది. ఇకమీదట మెట్లు దిగనని మాత్రం మాటివ్వలేదు.

స్విచ్చికి తాళం వేయించొచ్చు. మాత్రలు బీరువాలో పెట్టొచ్చు. కానీ తిండి మానేసి స్పీకరుకి చెవి ఆనించుకున్న మనిషికి ఏ తాళం వేస్తారు? ఆవిడ ఆలోచించి ఆలోచించి, చివరికి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. తనకి వచ్చిన విద్య ఒకటే కదా. ముక్కలు చెయ్యడం.

పాత రికార్డింగు తీసి, కత్తిరించింది. 'అమ్మా!' ఒక ముక్క. 'రెండు వేసుకో' ఒక ముక్క. నీళ్ళ సంగతీ, లేవడం సంగతీ, తను అన్నానికి పిలిచిన కేకా ఇంకో ముక్క. ఆ మధ్య ముక్కని ఒక్కసారి విని, చెరిపేసింది. చెరుపుతుంటే తమ్ముడి నోటికి తన చెయ్యి అడ్డం పెట్టినట్టు అనిపించింది. ఆ తర్వాత గుసగుసని కూడా రెండు చేసి, "ఒకటే వేసుకో" అన్నది మాత్రం ఉంచుకుంది. పిలవడానికి ఒక ఫంక్షన్, మోతాదు చెప్పడానికి ఒక ఫంక్షన్ రాసింది. మాత్ర ఫంక్షన్ ముందు మొదటిదాన్ని పిలుస్తుంది, తర్వాత రెండోదాన్ని. అంతే.

ఇది కూడా నచ్చకపోతే అమ్మ ఇక దక్కదని ఆవిడకి తెలుసు. ఆ మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి గుమ్మంలో నిలబడింది.

వేళ అయింది. స్పీకరు బుస్సుమంది.

"అమ్మా!" ఖంగుమంది నిండు గొంతు.

తల్లి ఉలిక్కిపడి తలెత్తింది. కింద టైలరు మిషను చప్పుడు ఆగిపోయింది.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత, సన్నగా, ఊపిరితో: "ఒకటే వేసుకో."

తల్లి స్పీకరు వైపు చెవి తిప్పింది. ఎన్నో టెలిఫోన్ లైన్లు కలిపి విడదీసిన ఆ చెవులు ఆ రెండు ముక్కల్నీ తూచి చూస్తున్నాయని కూతురికి అర్థమైంది. అతుకు దొరికిపోతుందని భయపడింది. తల్లి చేత్తో తడుముకుని, డబ్బా తీసి, ఒక్క మాత్ర అరచేతిలో వేసుకుంది. రెండోది డబ్బాలోనే వదిలేసి మూత పెట్టింది.

"సరేరా," అంది.

"ఏమన్నాడమ్మా?" అని అడిగింది ఆవిడ, తెలియనట్టు.

"ముందు దూరాన్నుంచి కేకేశాడు. తర్వాత నా పక్కకొచ్చి చెవిలో చెప్పాడు, ఒకటి చాలని. ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు." తల్లి మొహం వెలిగిపోతోంది. "ఇంక నేను కిందికెళ్ళి పిలవక్కర్లేదే. వాడే వస్తాడు."

ఆ పూట ఆమె కడుపునిండా తింది. ఆ తర్వాత మెట్లు దిగలేదు, పడిపోలేదు. డాక్టరు నాడి చూసి బాగుందన్నాడు.

ముక్కల మేడం ఇప్పటికీ క్లాసులో అదే పాఠం చెబుతుంది, పిల్లలు ఇప్పటికీ రాగాలు తీస్తారు. పిలుపుకీ గుసగుసకీ మధ్య ఆ ఒక్క క్షణం ఖాళీ తను పెట్టినదేనని ఆవిడకి తెలుసు. ఏ లైనులో పెట్టిందో కూడా చెప్పగలదు. కానీ ఆ పిలుపు వినగానే తల్లి మంచం మీద కాస్త పక్కకి జరిగి వాడికి చోటిస్తుంది. వేళకి ఇంట్లో ఉంటే కూతురు నీళ్ళ గ్లాసు పట్టుకుని వచ్చి, ఆ చోటు తప్పించి, మంచానికి అటువైపు నుంచి చుట్టి వచ్చి అందిస్తుంది.